‘ద ఫోర్త్ కైండ్’ నిజంగా జరిగిందా? జరగలేదు. మరి భయం ఏమైంది?

ప్రశ్న: శనివారం రాత్రి మా రూమ్‌లో నలుగురం కూర్చుని ‘ద ఫోర్త్ కైండ్’ చూశాం. గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకెళ్ళే కథ. ఇదంతా నిజం, అసలు వీడియోలు కూడా చూపిస్తాం అని మొదట్లోనే చెప్పారు. అరగంట బాగానే టెన్షన్ పెట్టింది. తర్వాత ఎందుకో చప్పబడిపోయింది. క్లైమాక్స్‌కి ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు, ఒకడు గుర్రు పెడుతున్నాడు. ఇది నిజంగా జరిగిందా? అసలు వీడియోలు ఉండి కూడా సినిమా ఎందుకు తేలిపోయింది? ఇంకో సంగతి, మాతో చూసిన మా తమ్ముడు అప్పట్నుంచి రాత్రి మూడింటికి ఉలిక్కిపడి లేస్తున్నాడు. వాడికేం చెప్పాలి?

సమాధానం:

జరగలేదు. సినిమా కథ అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, నోమ్ అనే ఊళ్ళో జరుగుతుంది. అందులో పేషెంట్లకు హిప్నసిస్ చేసే అబిగైల్ టైలర్ అనే సైకాలజిస్టు నిజంగా ఎప్పుడూ లేదు. ‘అసలు వీడియో’ అని మీరు చూసినదంతా సినిమా వాళ్ళే తీసుకున్నది. పాలిపోయిన మొహంతో, పెద్ద పెద్ద కళ్ళతో కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చే ఆ ‘అసలు’ డాక్టర్ కూడా నటే. పేరు షార్లెట్ మిల్చర్డ్, బ్రిటిష్ అమ్మాయి. ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగేది ఆ సినిమా దర్శకుడు ఒలాటుండే ఒసున్సన్మి. ఆ ఇంటర్వ్యూ జరిగినట్టు చూపించిన కాలిఫోర్నియాలోని చాప్‌మన్ యూనివర్సిటీ మాత్రం నిజంగానే ఉంది. దర్శకుడు సినిమా చదువు చదివింది అక్కడే.

నేను సినిమా సౌండ్ పనిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. మొదట డబ్బింగ్ థియేటర్లో అసిస్టెంటుగా చేశాను, ఇప్పుడు మిక్సింగ్ చేస్తున్నాను. హారర్ సినిమాలు ఒక పదిహేను నా చేతుల మీదుగా వెళ్ళాయి. వాటిలో జనాన్ని నిజంగా భయపెట్టినవి రెండో మూడో. కాబట్టి భయపెట్టలేకపోవడం గురించి నాకు అనుభవం కాస్త ఎక్కువే అనుకోండి.

ఈ సినిమాను మొదటిసారి 2010లో చూశాను. నైట్ షిఫ్ట్‌లో ఒక రీలు ఫైల్ రావడం ఆలస్యమైంది. అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడు ఇచ్చిన డీవీడీ ఉంటే మిక్సింగ్ థియేటర్లోనే పెద్ద తెర మీద వేశాం. అయిదుగురం. లైట్లు తీసేశాం. మీ అనుభవమే మాదీ. మొదటి అరగంట ఎవరూ టీ కప్పు కూడా కింద పెట్టలేదు. సరిగ్గా అప్పుడు మా అసిస్టెంట్ కుర్రాడొకడు ఫోన్‌లో ఆ డాక్టర్ పేరు వెతికాడు. “అన్నా, ఈవిడ లేదంట” అన్నాడు. అంతే. గదిలో భయం ఎటు పోయిందో తెలీదు. తర్వాతి గంటసేపు అందరం ఎవరు అసలు, ఎవరు నకిలీ, ఏ షాట్ ఎలా తీసుంటారు అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు నాకు తట్టిన ప్రశ్న ఇది. దయ్యాలు లేవని తెలిసినా దయ్యం సినిమా భయపెడుతుంది. అబద్ధమని తెలియగానే ఈ సినిమా మాత్రం ఎందుకు కూలిపోయింది?

ఎందుకంటే ఇది తన బరువంతా ‘నిజం’ అనే ఒక్క మేకుకు తగిలించింది. తెర లేవగానే మిల్లా జొవొవిచ్ అడవిలోంచి కెమెరా దగ్గరికి నడిచొచ్చి, తాను నటినని, అబిగైల్ టైలర్ పాత్ర వేస్తున్నానని, ప్రతి సన్నివేశానికీ ఆధారంగా అసలు టేపులో, ఆ డాక్టర్ చెప్పిన మాటలో ఉన్నాయని చెబుతుంది. చూడటానికి ఇబ్బందిగా ఉంటుందని హెచ్చరిస్తుంది కూడా. అక్కడి నుంచి సినిమా మనకు కథ చెప్పడం మానేసి కేసు వాదించడం మొదలుపెడుతుంది. చీకట్లో తాడును చూసి పాము అనుకున్నవాడు దడుచుకుంటాడు. వాడి పక్కన నిలబడి టార్చి వేసి “చూడు, ఇది పామే, ఇదిగో పడగ, ఇదిగో తోక” అని చూపిస్తూ పోతే ఏమవుతుంది? వాడు తాడు పురి లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆ రెండు ముక్కల తెర. ఒక పక్క ‘అసలు’ వీడియో, ఇంకో పక్క అదే సన్నివేశాన్ని నటులు చేస్తున్న సినిమా. ఆలోచనగా చూస్తే కొత్తగా ఉంటుంది. కానీ కన్ను ఒకటే. మంచం మీద మనిషి విలవిల్లాడుతుంటే మన చూపు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి టెన్నిస్ బంతిలా తిరుగుతుంది. చెయ్యి ఇద్దరూ ఒకేలా ఎత్తారా? అరుపు కలిసిందా? పోల్చే బుర్ర వేరు, భయపడే బుర్ర వేరు. రెండూ ఒకేసారి పనిచేయవు. డబ్బింగ్ థియేటర్లో ఇది మాకు రోజూ అనుభవమే. తెర మీద హీరోయిన్ గుండె పగిలేలా ఏడుస్తుంటుంది. మేం మాత్రం పెదాలు సింక్ అయ్యాయా లేదా అని చూస్తుంటాం. ఒక్కరికీ కన్నీళ్ళు రావు. ఈ సినిమా ప్రేక్షకుడిని మా కుర్చీలో కూర్చోబెట్టింది.

ఇక సౌండ్ సంగతి. ఇది చాలామంది గమనించరు గానీ చెవికి మాత్రం తెలిసిపోతుంది. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. ఫ్యాన్, ఫ్రిజ్, దూరంగా రోడ్డు, గోడల మధ్య గాలి, అన్నీ కలిసి ఒక సన్నని హోరు. మేం దాన్ని రూమ్ టోన్ అంటాం. షూటింగ్ అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఊరికే రికార్డు చేసుకుంటాం. మామూలు హ్యాండీకామ్‌లో పట్టిన వీడియోలో ఈ హోరు గట్టిగా ఉంటుంది, మాట దూరంగా ఉంటుంది, మైకు గుడ్డ రాసుకున్న చప్పుడు కూడా వినబడుతుంది. మన ఇళ్ళలో పెళ్ళి వీడియోలు గుర్తు తెచ్చుకోండి. ఈ సినిమాలో పాత టేపు అని చూపించిన చోట్ల బొమ్మను బాగానే పాడుచేశారు. గీతలు, మసక, గడియారం అంకెలు అన్నీ ఉన్నాయి. కానీ చాలాచోట్ల కింద ఆర్‌ఆర్, అంటే నేపథ్య సంగీతం, మెల్లగా నడుస్తూనే ఉంటుంది. సైకాలజిస్టు క్లినిక్‌లో పెట్టిన కెమెరాకి వయొలిన్లు ఎక్కడివి? ప్రేక్షకుడు ఈ ప్రశ్న అడగకపోవచ్చు, కానీ వాడి చెవి “ఇది సినిమా” అని వాడికి చెప్పేస్తుంది. నేనైతే ఆ సీన్లకు సంగీతం మొత్తం తీసేసి ఊరికే హోరు వదిలేసేవాణ్ణి. అంతకంటే చవకైన భయం లేదు.

ఇంకొకటి. అసలైన ఘట్టం వచ్చిన ప్రతిసారీ టేపు పాడైపోతుంది. స్కాట్ అనే పేషెంట్ మంచం మీద నుంచి పైకి లేస్తుంటే బొమ్మ చెదిరిపోతుంది. పోలీసు కారు కెమెరాలో ఏదో ఇంటిమీదికి వస్తుంటే మళ్ళీ చెదురుతుంది. మొదటిసారి ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. చూపించకపోవడమే భయం కదా. మూడోసారికి మాత్రం గీతలు రాగానే “ఆ, ఇప్పుడు ఏదో జరుగుతుంది, మనకు మాత్రం కనబడదు” అని తెలిసిపోతుంది. పొదుపు కోసం చేశారా, కళ కోసం చేశారా అని అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానం వచ్చాక హారర్ సినిమా బతకదు.

కథలో కూడా ఇలాంటి తడబాటే ఉంది. అబిగైల్ భర్తను ఎవరో మంచం మీదే పొడిచి చంపారని ఆమె నమ్ముతుంది, మనకూ అలాగే చూపిస్తారు. చివరికొచ్చేసరికి అతను తుపాకీతో కాల్చుకుని చనిపోయాడని తేలుతుంది. అంటే ఆమె మనసు బాధను తట్టుకోలేక ఒక కథ అల్లుకుంది. ఎంత మంచి మలుపు! దీన్ని పట్టుకుని ఉంటే, కూతురిని ఎవరు ఎత్తుకెళ్ళారో తెలియని తల్లి కథ అయ్యేది. ఆమె చెప్పేది నమ్మాలా వద్దా అని చివరిదాకా నలిగిపోయేవాళ్ళం. కానీ ఈ సినిమాకు ఆమె మాట నమ్మశక్యం కానిదిగానూ కావాలి, ఆమె టేపులు తిరుగులేని రుజువులుగానూ కావాలి. చివర్లో మళ్ళీ వచ్చి, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం అని చేతులు దులిపేసుకుంటారు. గంటన్నర వాదించిన లాయర్ చివర్లో “తీర్పు మీరే చెప్పుకోండి” అని నల్లకోటు తీసేసినట్టు.

ఇక సుమేరియన్ భాష, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఒకప్పుడు మాట్లాడిన భాష. గ్రహాంతరవాసి సుమేరియన్ మాట్లాడతాడు, ఒక పండితుడు ఆ టేపు విని అర్థం చెబుతాడు. నేల మీద రాత మొదలైన తొలి భాషల్లో అదొకటి. తెలిసిన ఏ భాషకూ అది చుట్టం కాదు. దాదాపు నాలుగు వేల ఏళ్ళ క్రితమే జనం నోట్లోంచి పోయింది. దాన్ని ఎలా పలికేవారో ఇక్కడ ఒకటీ అక్కడ ఒకటీ ఏరుకుని, ముఖ్యంగా తర్వాత అక్కడే వచ్చిన అక్కాడియన్ భాష లేఖకులు రాసుకున్న పట్టికల్ని బట్టి, అంచనా కట్టారు. అలాంటి భాషను బొంగురుపోయిన, ముక్కలైన టేపులో విని ఒకాయన టకటకా అనువదించేస్తాడు. పోనీలెండి, కథ కోసం ఒప్పుకుందాం. కానీ చీకట్లో ఉన్న గొంతుకి మాటలు ఇచ్చి, ఆ మాటలకు అర్థం ఇచ్చి, చివరికి “నేను దేవుణ్ణి” అనిపించాక ఇంక మిగిలేదేముంది? తెలియనిదే భయం. దానికి సబ్‌టైటిల్ వేసేశారు.

మీ మొదటి ప్రశ్నకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే అసలు కోపం రావాల్సింది ఇక్కడ.

నోమ్ అనే ఊరు నిజంగానే ఉంది. బేరింగ్ సముద్రం ఒడ్డున, దాదాపు 3,500 మంది జనాభా. అలాస్కాలోని పెద్ద ఊరు యాంకరేజ్ నుంచి రోడ్డు లేదు, విమానంలో వెళ్ళాల్సిందే. 1890ల చివర్లో బంగారం దొరికి పుట్టుకొచ్చిన ఊరు. 1925 జనవరిలో పిల్లలకు డిఫ్తీరియా సోకితే కుక్కల బళ్ళ మీద మందు తెచ్చుకున్నది ఈ ఊరే. ఆ చుట్టుపక్కల చెట్టు అనేది కనబడటం కష్టం. టండ్రా నేల, గాలి, సముద్రం. మరి సినిమాలో? దట్టమైన అడవులు, పచ్చటి కొండలు. కెనడాలోని స్క్వామిష్‌లోనూ బల్గేరియాలోనూ తీశారు లెండి. మన సముద్రపు ఒడ్డు ఊరి కథను ఊటీలో తీసి “ఇది మీ ఊరే” అన్నట్టు. నిజం చెప్పాలంటే అసలు నోమ్‌లో తీసి ఉంటేనే ఎక్కువ భయమేసేది. దాక్కోవడానికి చెట్టు కూడా లేని నేల, పైన అంత ఆకాశం. ఆలోచించండి.

ఆ ఊళ్ళో మనుషులు మాయమైన మాట కూడా నిజమే. 1960ల నుంచి దాదాపు 24 మరణాలు, అదృశ్యాల మీద అనుమానాలుండేవి. వాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి పని మీదో, సరుకుల కోసమో నోమ్‌కు వచ్చిన స్థానిక తెగల వాళ్ళు. ఎవరో హంతకుడు తిరుగుతున్నాడేమోనని ఆ కుటుంబాలు మొత్తుకుంటే అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వచ్చి ఆ కేసులన్నీ తిరగేసింది. అతిగా తాగడం, ఆపైన అక్కడి చలి, ఈ రెండే ఎక్కువ మరణాలకు కారణమని 2006లో చెప్పింది. తొమ్మిది మంది శవాలు మాత్రం దొరకలేదు.

ఒక్క నిమిషం ఆ కుటుంబాల వైపు నుంచి చూడండి. అన్నో, మేనమామో పట్నం వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. పోలీసులు పట్టించుకోవడానికే ఏళ్ళు పట్టింది. ఇంతలో ఒక సినిమా వచ్చి, వాళ్ళను గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్ళారు అంటుంది. పైగా ఆ సినిమాలో బాధితులంతా ఎవరు? తెల్లవాళ్ళు. నిజంగా మాయమైన స్థానిక తెగల వాళ్ళకు కథలో చోటే లేదు. అక్కడి జనం మండిపడ్డారంటే పడరా మరి.

ప్రచారంలో ఇంకో అడుగు ముందుకేశారు. అబిగైల్ టైలర్ గురించి అలాస్కా పత్రికల్లో వార్తలు వచ్చినట్టు ఇంటర్నెట్‌లో నకిలీ కథనాలు పెట్టారు. ఉన్న పత్రికల పేర్లే వాడారు. డాక్టర్ ఉన్నట్టు నమ్మించడానికి సైకియాట్రీ పత్రిక పేరుతో ఒక దొంగ వెబ్‌సైటు కూడా నడిచింది. చివరికి ఈ సినిమాను విడుదల చేసిన యూనివర్సల్ సంస్థ 2009 నవంబరులో, అంటే సినిమా వచ్చిన ఆ నెలలోనే, అలాస్కా ప్రెస్ క్లబ్‌కు 20,000 డాలర్లు, ఒక స్కాలర్‌షిప్ నిధికి 2,500 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. నకిలీ వార్తలు తీసేసింది. దాదాపు కోటి డాలర్లు పెట్టి తీసిన సినిమా ప్రపంచం మొత్తం మీద నాలుగు కోట్ల డాలర్ల పైనే వసూలు చేసింది కాబట్టి ఆ పరిహారం వాళ్ళకు టీ ఖర్చు.

ఇక్కడ మన వైపు సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం నేను మిక్స్ చేసిన ఒక చిన్న హారర్ సినిమా నిర్మాత చివరి రోజు వచ్చి, టైటిల్స్‌కు ముందు ‘యథార్థ సంఘటన ఆధారంగా’ అని బోర్డు వేయించాడు. “సార్, ఏ సంఘటన?” అని అడిగితే, “మా ఊళ్ళో పాడుబడ్డ బావి ఉందయ్యా” అన్నాడు. బోర్డు పడితే సగం భయం ఫ్రీగా వస్తుందని ఆయన లెక్క. మొదటి ఆట రోజు నేను వెనక నిలబడి చూశాను. బోర్డు పడగానే హాల్లో ఎవడో “ఏ ఊరు సార్?” అని అరిచాడు, జనం ఘొల్లుమన్నారు. తర్వాత నేను పెట్టిన ఏ చప్పుడూ పనిచేయలేదు.

అలాగని ‘నిజం’ అని చెప్పుకున్న సినిమాలన్నీ తేలిపోతాయని కాదు. 1999లో ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ కూడా అబద్ధపు నిజమే. ముగ్గురు విద్యార్థులు తప్పిపోయారని పోస్టర్లు వేశారు, వెబ్‌సైటు పెట్టారు. కానీ సినిమాలో ఎవరూ వచ్చి ఇది నిజం సుమా అని మన గడ్డం పట్టుకోరు. ‘ద ఫోర్త్ కైండ్’ 2009 నవంబరు 6న వచ్చింది. దానికి కొన్ని వారాల ముందే ‘పారానార్మల్ యాక్టివిటీ’ అమెరికా హాళ్ళను ఊపేస్తోంది. దాన్ని తీయడానికి అయిన ఖర్చు దాదాపు 15,000 డాలర్లు. ఒక పడకగది, మూల ఒక కెమెరా, ఒక తలుపు. తలుపు కొంచెం కదులుతుంది. అంతే! మన చూపు ఎటూ పోనివ్వదు. ఆ తెరను రెండు ముక్కలు చేసి పక్కన ఇంకొక జంటతో అదే తలుపు సీన్ చేయించి ఉంటే ఎంత నవ్వొచ్చేదో ఊహించుకోండి.

‘ఫోర్త్ కైండ్’, అంటే ‘నాలుగో రకం’ అనే పేరు ఎక్కడిదో కూడా చెప్పేస్తాను. జె. అలెన్ హైనెక్ అని ఖగోళ శాస్త్రవేత్త. ఎగిరే పళ్ళాల మీద అమెరికా వైమానిక దళం చేసిన పరిశోధనకు సలహాదారు. ఆయన 1972లో ఎగిరే పళ్ళాలను దగ్గర్నుంచి చూశామనే అనుభవాలను మూడు రకాలుగా విడదీశాడు. దగ్గర్లో చూడటం ఒకటి, చూడటంతో పాటు నేల మీదో ఒంటి మీదో గుర్తులు మిగలడం రెండు, లోపలి జీవులు కనబడటం మూడు. ఎత్తుకెళ్ళడం అనే నాలుగోది ఆయన చెప్పలేదు, తర్వాత వాళ్ళు కలిపారు.

ఈ ఎత్తుకెళ్ళే కథలకు మూలపురుషులు బెట్టీ, బార్నీ హిల్ దంపతులు. 1961 సెప్టెంబరులో న్యూ హాంప్‌షైర్ కొండల్లో రాత్రి కారులో వస్తుంటే ఆకాశంలో ఒక వెలుగు వెంటపడిందన్నారు. ఇంటికి చేరాక కొన్ని గంటలు లెక్కకు రాలేదన్నారు. 1964లో బోస్టన్‌లో బెంజమిన్ సైమన్ అనే మానసిక వైద్యుడు హిప్నసిస్ చేస్తే అసలు కథ బయటికొచ్చింది, బల్ల మీద పడుకోబెట్టి పరీక్షలు చేయడం వగైరా. ఇందులో తమాషా ఏంటంటే, హిప్నసిస్ చేసిన ఆ డాక్టరే వాళ్ళను ఎవరో ఎత్తుకెళ్ళారని నమ్మలేదు. బెట్టీకి వచ్చిన పీడకలలు భర్త మనసులోకి కూడా ఎక్కాయని ఆయన అభిప్రాయం. వాళ్ళు అబద్ధమాడారని మాత్రం అనలేదు. ఇప్పుడు మన సినిమా చూడండి. హిప్నసిస్ అంటే మనసు బీరువా తాళం చెవి, తిప్పితే లోపలి నిజం బయటికొస్తుంది అన్నట్టే నడుస్తుంది. నిజానికి హిప్నసిస్‌లో గుర్తొచ్చినవి మామూలుగా గుర్తొచ్చిన వాటికంటే నమ్మదగినవి కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే చెప్పింది. గుర్తొచ్చిందనే ధీమా పెరుగుతుంది, ఖచ్చితత్వం పెరగదు. ఒక సైకాలజిస్టు తన పేషెంట్లకు తనకు తెలియకుండానే తన పీడకలను అంటించేస్తోందేమో అనే కథ ఈ సినిమా గుప్పిట్లోనే ఉంది. వదిలేసుకుంది.

ఇక మీ తమ్ముడు. సినిమాలో పేషెంట్లంతా అపరాత్రి మెలకువ వచ్చి, కిటికీలో తెల్ల గుడ్లగూబను చూశామని చెబుతారు కదా. ఆ పక్షి కొత్తది కాదు. 1987లో విట్లీ స్ట్రీబర్ తనను ఎత్తుకెళ్ళారని రాసుకున్న పుస్తకంలోనూ కిటికీలోంచి చూసే గుడ్లగూబ ఉంది. మనకైతే వేరే చెప్పక్కర్లేదు. గుడ్లగూబ ఇంట్లో దూరితే కొన్నాళ్ళు ఇల్లే వదిలేసేవాళ్ళు పాతకాలంలో. ఈ సినిమాలో నాకు నచ్చిన రెండు విషయాల్లో అదొకటి. తెలుగువాడి ఒంట్లో ఆ భయం ఎప్పటినుంచో ఉంది.

మెలకువ వస్తుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, చెయ్యి కదపలేం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, గదిలో ఎవరో ఉన్నట్టు అనుమానం. మీ తమ్ముడికి ఇలా ఉంటే దాన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలు వచ్చే నిద్రలో ఒళ్ళు కదలకుండా మెదడే పట్టేస్తుంది, లేకపోతే కలలో పరుగెత్తినవాడు మంచం మీంచి పడతాడు. ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే కల, గది కలిసిపోతాయి. మా అమ్మమ్మ దీన్ని “దయ్యం మీద పడటం” అనేది. దిండు కింద ఇనప అట్లకాడ పెట్టేది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. అమెరికాలో కొందరు గ్రహాంతరవాసి అంటారు. అనుభవం ఒకటే, కూర్చునేవాళ్ళే ఊరిని బట్టి మారతారు. అలా కాకుండా ఊరికే ఉలిక్కిపడి లేస్తుంటే అది సినిమా చేసిన పని, నాలుగు రోజుల్లో పోతుంది. వేళకు పడుకోమనండి, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోమనండి, పడుకునే ముందు ఫోన్‌లో ఇవే వీడియోలు వెతకొద్దనండి. వారాల తరబడి తగ్గకపోతే నిద్ర సమస్యలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఈ తరహాలో ఏం చూడాలని ఎవరైనా అడిగితే నేను 1993 నాటి ‘ఫైర్ ఇన్ ద స్కై’ చెబుతాను, అదీ సగం మనసుతో. 1975 నవంబరు 5న అరిజోనా అడవిలో కలప పనివాళ్ళ బృందం నుంచి ట్రావిస్ వాల్టన్ అనే కుర్రాడు మాయమై, అయిదు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. ఆ కథ. హిల్ దంపతుల మీద తీసిన టీవీ సినిమా ప్రసారమై అప్పటికి రెండు వారాలే అయింది, అది వేరే సంగతి. సినిమా ఎక్కువ భాగం, తోటి కూలీలే వాణ్ణి చంపేశారని ఊరు అనుమానించడం గురించి. నెమ్మదిగా సాగుతుంది, మీవాడు దానికీ నిద్రపోవచ్చు. కానీ చివర్లో గ్రహాంతరవాసుల ఓడ లోపలి సీన్ ఒకటుంది. వాల్టన్ చెప్పింది అది కాదు, సినిమా వాళ్ళు సొంతంగా కల్పించుకున్నారు. రుజువు చూపించే బాధ్యత నెత్తిన లేదు కాబట్టి చేతనైనంత భయపెట్టారు. ఆ జిగురు, ఆ పొర, ఊపిరాడకపోవడం... నేను రెండోసారి చూడలేదు.

‘ద ఫోర్త్ కైండ్’లో నాకు నచ్చిన రెండోది చెప్పలేదు కదా. అబిగైల్ రాత్రి పడుకునే ముందు పేషెంట్ల గురించి చిన్న టేప్ రికార్డర్‌లో నోట్స్ చెప్పుకుంటుంది. ఆ టేపు టైప్ చేయడానికి అసిస్టెంటుకు ఇస్తుంది. అందులో ఆమె గొంతు నిద్రమత్తులోకి జారిపోతుంది, ఆగిపోతుంది. టేపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తర్వాత ఏదో చప్పుడు. తర్వాత ఆమె అరుపు. ఆ రాత్రి జరిగినదేదీ ఆమెకు గుర్తులేదు. బొమ్మ లేదు, రెండు ముక్కల తెర లేదు, ఎవరూ ఏమీ నిరూపించడం లేదు. ఈసారి ఆ సీన్ రాగానే ఫోన్ బోర్లా పెట్టి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినండి. మీ తమ్ముడు పక్కన లేనప్పుడు.